పాత మిల్స్ స్లాట్ మెషిన్‌ను ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. కాలిఫోర్నియాలో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో 1930ల నాటి మిల్స్ కంపెనీ స్లాట్ మెషిన్, అంటే నాణెం వేసి హ్యాండిల్ లాగి ఆడే జూదపు యంత్రం, కొన్నారు. అయిదు సెంట్ల నాణెంతో ఆడేది, ముందు భాగం మీద కోట బొమ్మ ఉంది. హ్యాండిల్ లాగితే కొద్దిగా కదిలి ఆగిపోతోంది, రీళ్ళు (బొమ్మలున్న చక్రాలు) తిరగడం లేదు. తాళంచెవి ఉంది, లోపలంతా నల్లటి జిడ్డు. ఇంట్లోనే బాగుచేయవచ్చా, స్ప్రే నూనె కొడితే సరిపోతుందా, కొత్త రంగు వేయించి క్రోమ్ పూత పెట్టిస్తే విలువ పెరుగుతుందా, దీపావళికి స్నేహితులతో ఆడించవచ్చా, ఎప్పుడైనా హైదరాబాదుకు తీసుకువెళ్ళవచ్చా అని అడిగారు. దీని చరిత్ర కూడా చెప్పమన్నారు.

ముందు జవాబు చెబుతాను, కారణాలు తర్వాత. ఇంట్లోనే బాగుచేయవచ్చు. మీరు వర్ణించిన లక్షణాలను బట్టి చూస్తే అందులో విరిగినవి తక్కువ, ఎండిన జిడ్డు ఎక్కువ. స్ప్రే నూనె కొట్టవద్దు. రంగు వేయించవద్దు, క్రోమ్ పూత అసలే వద్దు. లోపలి యంత్రాన్ని పనిచేసేలా చేయండి, పైరూపాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. ఈ మెషిన్ల విషయంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క మాట మీదే.

నేను హైదరాబాదులో టూల్‌రూములో పని నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడికి వచ్చాక పాత నాణేల మెషిన్లను బాగుచేయడమే నా వృత్తి అయింది. అందులో ఎక్కువ భాగం మిల్స్ మెషిన్లే. అవి లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి కాబట్టి స్ప్రింగులు, రీళ్ళ కాగితాలు, బహుమతుల పట్టికలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ విషయంలో మీరు అదృష్టవంతులు.

అసలు మీ మెషిన్ చెడిపోయిందా?

ముందు ఇది తేల్చుకోవాలి. నాణెం వేయకుండా హ్యాండిల్ లాగితే కొద్దిగా కదిలి ఆగిపోవడం చెడిపోయిన లక్షణం కాదు, అది దాని పద్ధతి. నాణెం లోపలికి వెళ్ళి ఒక చిన్న మీటను నొక్కితేనే హ్యాండిల్ విడుదలవుతుంది. నా దగ్గరికి 'బిగుసుకుపోయింది' అంటూ వచ్చే మెషిన్లలో కొన్ని నాణెం వేయగానే పనిచేస్తాయి. అందుకని మంచి నాణెం ఒకటి వేసి, హ్యాండిల్‌ను నెమ్మదిగా లాగి చూడండి. వంగినది, అంచు అరిగినది వేయవద్దు. బలం మాత్రం ఉపయోగించకండి. సగం దూరం వచ్చి ఆగితే అక్కడే వదిలేయండి. విరిగిన భాగాల్లో అధికం ఇలా బలవంతంగా లాగినప్పుడు విరిగినవే.

మీ మెషిన్ ముందు కోట బొమ్మ ఉందన్నారు కాబట్టి సేకరణదారులు 'కాజిల్ ఫ్రంట్' అని పిలిచే రకం అయి ఉంటుంది. అది 1933లో వచ్చింది. పైన గాజు కిటికీ వెనక నాణేలు వరుసగా కనిపిస్తున్నాయా? దాన్ని ఎస్కలేటర్ అంటారు. చివరగా వేసిన కొన్ని నాణేలు అందరికీ కనిపించేలా పెట్టారు. ఎందుకంటే అప్పట్లో నాణెం బదులు సీసపు బిళ్ళలు, ఇనుప వాషర్లు వేసేవాళ్ళు ఎక్కువ. దొంగ బిళ్ళ వేస్తే అది ఆ కిటికీలో కూర్చుని వేసినవాణ్ణి పట్టిస్తుంది. మీ హ్యాండిల్ ఆగిపోవడానికి కారణం ఆ ఎస్కలేటర్లో ఇరుక్కున్న వంగిన నాణెం కూడా కావచ్చు. మొదట చూడవలసిన చోటు అదే.

మెకానిజాన్ని బయటికి తీయడం

వెనుక తలుపు తెరిచి, కింద ఉన్న డబ్బుల డబ్బా తీసేయండి. పట్టి ఉంచిన కొక్కేన్ని విడిపిస్తే మెకానిజం మొత్తం ఒకే ముక్కగా వెనక్కి జారి బయటికి వస్తుంది. ఊళ్ళోని సెలూన్లో, అంటే మద్యశాలలో, చిన్న మరమ్మతుకు మెకానిక్ వస్తే, పాతది లాగేసి వేరే మెకానిజం తోసి, ఆట ఆగకుండా చూసుకునేందుకు చేసిన ఏర్పాటు అది. బరువైనది, ఇద్దరు పట్టుకోండి. గట్టి బల్ల మీద, వెలుతురున్న చోట పెట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. హ్యాండిల్ సగంలో ఆగి ఉంటే లోపలి పెద్ద స్ప్రింగు బిగిసి ఉంటుంది. మీరు ఏదో మీటను కదిపినప్పుడు అది ఒక్కసారిగా విడుదలైతే వేలు నలిగిపోతుంది. చేతులు పెట్టే ముందు ఆ స్ప్రింగు వదులుగా ఉందో లేదో చూసుకోండి. బిగిసి ఉంటే చెక్క ముక్కతో మీటలను ఒక్కొక్కటిగా కదిపి విడుదల చేయండి, వేళ్ళతో వద్దు.

తర్వాత ఫోటోలు తీయండి. అన్ని వైపుల నుంచీ, దగ్గరగా. ప్రతి స్ప్రింగు ఏ కొక్కెం నుంచి ఏ కొక్కేనికి వెళ్తోందో ఫోటోలో కనబడాలి. ఒకే పొడవులో ఉండి, తీగ మందం మాత్రం వేరుగా ఉన్న స్ప్రింగులు ఇందులో ఉంటాయి. అవి తారుమారైతే మెషిన్ పనిచేస్తుంది, కానీ తప్పుగా చెల్లిస్తుంది. కారణం వెతకడానికి రోజులు పడతాయి.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే సగం మరమ్మతు మీకే తోస్తుంది. నాణెం వేసి హ్యాండిల్ లాగితే పెద్ద స్ప్రింగు బిగుస్తుంది, రీళ్ళను ఆపే మీటలు వెనక్కి వెళ్తాయి, ఒక తన్నుడు కడ్డీ మూడు రీళ్ళనూ ఒకేసారి తిప్పేస్తుంది. అప్పటి నుంచి కాలాన్ని నడిపేది పక్కనే ఉన్న చిన్న గేర్ల పెట్టె. దాన్ని క్లాక్ అంటారు. దాని చివర చిన్న రేకు రెక్కలున్న ఫ్యాను ఉంటుంది. అది గాలిని కోస్తూ గిర్రున తిరగడం వల్ల గేర్లు పరుగెత్తకుండా ఒకే వేగంతో నడుస్తాయి. ఆ వేగానికి అనుగుణంగా ఆపే మీటలు ఒకదాని తర్వాత ఒకటి పడి, ఒక్కొక్క రీలు పక్కనున్న పళ్ళ చక్రం గాడిలో దిగుతాయి. ఎడమ రీలు ముందు, కుడి రీలు చివర. ఆ మూడు చప్పుళ్ళ మధ్య వ్యవధి సమంగా ఉంటే క్లాక్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఆగిన తర్వాత ఇంకో పని జరుగుతుంది. ప్రతి రీలుకూ రంధ్రాలున్న పళ్ళెం ఒకటి ఉంటుంది. సన్నటి ఇనుప వేళ్ళ వరుస ముందుకు కదిలి ఆ పళ్ళేలను తడుముతుంది. మూడింటిలోనూ ఒకే వరుసలో రంధ్రాలు దొరికితే వేలు లోపలికి దిగుతుంది, దానికి తగిన చెల్లింపు పలక విడుదలవుతుంది. నాణేల గొట్టం అడుగున ఈ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. జారిన పలకల్లో ఉన్న నాణేలన్నీ కిందికి రాలతాయి. చాలా మిల్స్ మెషిన్ల మీద 3, 5, 10, 14, 18, 20 అని కనబడే అంకెలు, ఇంకా పాతవాటి మీద ఉండే 2, 4, 8, 12, 16, 20 వరుస, ఈ పలకల అమరిక నుంచి వచ్చినవే. కరెంటు లేదు, తీగలు లేవు. గెలిచావా ఓడావా అన్నది ఇనుము ఇనుమును తడిమి తేల్చుకుంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ వేళ్ళు పళ్ళేల వైపు కదిలే క్షణాన్ని నేను ఇప్పటికీ ఆగి చూస్తాను.

శుభ్రం చేయడం

మీ సమస్యకు మూలం క్లాక్‌లోనే ఉంటుందని నా అంచనా. పాత నూనె ఎండిపోయి పనస జిగురులా గేర్ల పళ్ళ మధ్య పట్టుకుంటుంది. ఫ్యాను తిరగదు, రీళ్ళు తిరుగుతూనే ఉంటాయి, లేదా హ్యాండిల్ వెనక్కి రాదు. దాని మీద స్ప్రే నూనె కొడితే ఆ జిగురు కాసేపు కరిగి మెషిన్ పనిచేస్తుంది, మీరు సంతోషిస్తారు. కొన్ని నెలలకు ఆ కొత్త నూనె కూడా ఎండి, పాతదానితో కలిసి, ముందున్నదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఈసారి అది సందుల్లోకి మరింత లోతుగా వెళ్ళి ఉంటుంది. అందుకే మొదటే వద్దన్నాను.

క్లాక్‌ను విడిగా ఊడదీసి మినరల్ స్పిరిట్స్‌లో (రంగులు పలచన చేసే ద్రావకం) నానబెట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి, నిప్పు దగ్గర పెట్టవద్దు, పెట్రోలు జోలికి అసలు పోవద్దు. నానాక పాత పళ్ళకుంచెతో ప్రతి గేరునూ తోమండి. ఇరుసులు దిగే రంధ్రాలను సన్నటి పుల్లతో, అగ్గిపుల్లను చెక్కి చేసుకున్నా చాలు, తిప్పుతూ శుభ్రం చేయండి. పుల్ల నల్లబడకుండా బయటికి వచ్చేదాకా ఆ పని ఆపవద్దు. పూర్తిగా ఆరాక ఫ్యానును వేలితో మెల్లగా తోయండి. మీరు వేలు తీసేశాక కూడా అది కాసేపు తిరిగి, ఝర్రుమని ఆగిపోకుండా నెమ్మదిగా నిలబడాలి. అప్పుడు ఒక్కొక్క ఇరుసు చివర గడియారం నూనె, సూది మొనతో ఒక చిన్న బొట్టు. గేర్ల పళ్ళకు నూనె పెట్టకండి.

మిగతా మెకానిజాన్ని కుంచెతో, గుడ్డతో అంచెలంచెలుగా తుడవండి. రీళ్ళ ఇరుసుకూ, హ్యాండిల్ తిరిగే చోటుకూ కొద్దిగా నూనె కావాలి. చెల్లింపు పలకలకూ, నాణేల గొట్టానికీ, ఎస్కలేటర్‌కూ నూనె తగలకూడదు. నాణేల మీది మట్టి నూనెతో కలిసి బురద అవుతుంది, పలకలు సగంలో ఆగుతాయి.

రీళ్ళ మీద బొమ్మలున్నవి కాగితపు పట్టీలు. తడిగుడ్డ పెడితే రంగు గుడ్డకు వస్తుంది. పొడి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి. చిరిగిన పట్టీ ఉంటే కొత్తది అంటించవచ్చు, కానీ పాతదాన్ని గీకి పారేయవద్దు.

శుభ్రం చేయడం పూర్తయ్యేదాకా ఏ మీటనూ వంచకండి, ఏ స్ప్రింగునూ కత్తిరించకండి, సాగదీయకండి. పాత మెకానిక్కులు వేళ్ళను కొద్దిగా వంచి సరిచేసేవారన్నది నిజమే. ఆ పని చివరగా, మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే చేసేవారు.

ఇక్కడ ఒక అనుభవం చెబుతాను. ఒకాయన తన మెషిన్ మూడు నారింజలు వచ్చినా సరిగ్గా చెల్లించడం లేదని, వేళ్ళు వంగాయేమోనని తెచ్చారు. వేళ్ళన్నీ సవ్యంగానే ఉన్నాయి. నాణేల గొట్టంలో నాణేలు తక్కువగా ఉన్నాయి, అంతే. పలకలు నిండాలంటే గొట్టంలో తగినన్ని నాణేలు పేర్చి ఉండాలి. మీరు కూడా పరీక్షించే ముందు గొట్టం నింపుకోండి. కావలసింది మామూలు అయిదు సెంట్ల నాణేలే, వాటి వ్యాసం అప్పుడూ ఇప్పుడూ 21.2 మిల్లీమీటర్లే.

నాణేల మాట వచ్చింది కాబట్టి, జాక్‌పాట్ గాజు వెనక ఉన్న నాణేలను ఖర్చు చేసేయకండి. ఒక్కొక్కటీ చూడండి. 1913 నుంచి 1938 దాకా ముద్రించిన అడవిదున్న బొమ్మ నాణేలు ఉండవచ్చు. 1942 నుంచి 1945 మధ్యవాటిలో యుద్ధకాలపు నాణేలు ఉండవచ్చు. నికెల్ కొరత వల్ల వాటిలో 35 శాతం వెండి కలిపారు, వెనుకవైపు భవనం బొమ్మ పైన పెద్ద అక్షరం ఉంటుంది. ఆ నాణేల సంవత్సరాలను బట్టి మీ మెషిన్ ఎంతకాలం ఆటలో ఉందో కూడా ఊహించవచ్చు.

రంగు ఎందుకు వద్దంటున్నాను

ముందు భాగం పోతపోసిన అల్యూమినియం, పెట్టె ఓక్ చెక్క. గుంటల్లో రంగు, ఎత్తుగా ఉన్న గీతల మీద మెరుగు. ఎనభై, తొంభై ఏళ్ళలో ఆ రంగు ఎక్కడ పోయిందో చూడండి. హ్యాండిల్ పక్కన, కప్పు అంచున, చేతులు తగిలిన చోట్ల. ఇసుక పిచికారీ కొట్టించి కొత్త రంగు వేయిస్తే ఆ గుర్తులతోపాటు పోత అంచుల పదును కూడా పోతుంది. క్రోమ్ పూత సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మెషిన్‌కు ఎన్నడూ లేని రూపం అది. కొనేవాళ్ళు కూడా అసలు రంగు మిగిలిన మెషిన్‌కే ఎక్కువ ఇస్తారు, కానీ నా అభ్యంతరం ధర గురించి కాదు. ఒకసారి గీకేసినది తిరిగి రాదు.

పెట్టె ఎడమ పక్కన పూడ్చిన రంధ్రం ఏదైనా ఉందేమో చూడండి. నేను పనిచేసిన ఒక మెషిన్‌కు చెక్కలో వేలెడంత రంధ్రం, దానిలో చెక్క బిరడా, లోపలివైపు స్క్రూలతో బిగించిన ఇనుప రేకు ఉన్నాయి. మోసగాళ్ళు సన్నటి బరమాతో పెట్టెకు రంధ్రం చేసి, తీగ దూర్చి చెల్లింపు పలకలను కదిపేవారు. యజమానులు లోపల ఇనుప రేకులు బిగించి అడ్డుకునేవారు. ఇప్పటి యజమాని ఆ బిరడా తీసేసి మైనం పూసి కనబడకుండా చేయమన్నారు. నేను వద్దని ఒప్పించాను. ఆ మెషిన్ మీద ఉన్న అత్యంత విలువైన అంగుళం అదే.

ఇంకొకటి ఇంతకంటే ఆసక్తికరం. ఒక మెషిన్‌లో మూడు బార్లు (బార్ అంటే రీలు మీది నల్లటి దీర్ఘచతురస్రపు గుర్తు) ఎప్పుడూ రావడం లేదు. రీళ్ళను చేత్తో తిప్పి చూస్తే మూడో రీలు బార్ దగ్గర ఆగదు, ముందుకు జారి పక్క బొమ్మ మీద ఆగుతుంది. పళ్ళ చక్రాన్ని దీపం పెట్టి చూశాను. ఒక గాడి మీద గోటి సగమంత అర్ధచంద్రాకారపు ఉక్కు బిళ్ళ బిగించి ఉంది. అంచున ఆకురాయి గీతలు కనబడుతున్నాయి, ఎవరో చేత్తో తయారుచేశారు. దాన్ని 'బగ్' అంటారు. గాడి మూసుకుపోవడంతో మీట అందులోకి దిగదు, జాక్‌పాట్ ఎన్నటికీ రాదు. ఆడేవాడికి రీలు మీద బార్ కనబడుతూనే ఉంటుంది, ఆశ పెరుగుతూనే ఉంటుంది. ఆ బిళ్ళను తీసి, చిన్న కవరులో పెట్టి, ఎక్కడ దొరికిందో రాసి పెట్టె లోపలే అంటించాను. మీరు ఏ భాగం తీసినా, మార్చినా పాతదాన్ని ఇలాగే మెషిన్‌తోపాటు ఉంచండి. జూదం ఎవరి పక్షాన ఉంటుందో చెప్పే సాక్ష్యం ఆ చిన్న ఉక్కు ముక్క.

చెక్కకు ఉప్పుకాగితం పెట్టకండి. దుమ్ము తుడిచి, పలుచగా మైనం పూస్తే చాలు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా గీకితే ఆ ధూళి పిల్లలున్న ఇంట్లో ప్రమాదం.

ఇక చరిత్ర

1891లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సిట్‌మన్, పిట్ అనే సంస్థ అయిదు డ్రమ్ముల మీద పేకముక్కలు తిరిగే మెషిన్ తెచ్చింది. 50 ముక్కలే ఉండేవి, రెండు తీసేసేవారు. గెలిస్తే మెషిన్ ఏమీ ఇచ్చేది కాదు. దుకాణదారు చుట్టో, ఒక గ్లాసు బీరో ఇచ్చేవాడు. అయిదు ముక్కల్లో వచ్చే కలయికలు అన్నీ ఇన్నీ కావు కాబట్టి ఇనుముతో లెక్క తేల్చి చెల్లించడం సాధ్యం కాలేదు.

ఆ చిక్కు విప్పినవాడు చార్లెస్ ఫే. బవేరియాలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన మెకానిక్. అయిదు డ్రమ్ములను మూడు రీళ్ళకు తగ్గించాడు, ఒక్కొక్క రీలుకు పది బొమ్మలు: గుర్రపు నాడా, పేకలోని గుర్తులు, గంట. మొత్తం కలయికలు 10 × 10 × 10, అంటే 1,000. ఇక ఇనుప వేళ్ళకు ఆ లెక్క చాలు, మెషినే నాణేలు రాల్చగలదు. దానికి లిబర్టీ బెల్ అని పేరు పెట్టాడు. మూడు గంటలు వస్తే అత్యధిక బహుమతి, 50 సెంట్లు. సంవత్సరం గురించి పట్టింపులున్నాయి, కొందరు 1895 అంటారు, కొందరు 1899 అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లో ఆయన కార్ఖానా ఉన్న చోట ఇప్పుడు ఒక ఫలకం ఉంది. మీకు దగ్గరే, వెళ్ళి చూడండి. నెవాడా కార్సన్ సిటీలోని రాష్ట్ర మ్యూజియంలో ఫే కుటుంబం కాపాడిన మెషిన్లున్నాయి.

ఫే తన మెషిన్లను అమ్మేవాడు కాదు. సెలూన్లలో పెట్టి రాబడిలో సగం తీసుకునేవాడు. 1905లో ఒక సెలూన్ నుంచి ఒక మెషిన్ మాయమై షికాగో చేరిందని ఈ రంగంలో చెప్పుకుంటారు. ఆ కథ ఎంత నిజమైనా, అక్కడి మిల్స్ నావెల్టీ కంపెనీ కొద్దికాలానికే తన సొంత లిబర్టీ బెల్ తెచ్చింది. 1906 భూకంపం, ఆ వెంట వచ్చిన మంటలు ఫే కార్ఖానాను బూడిద చేశాయి. మిల్స్ వాళ్ళు రీలుకు 20 బొమ్మలు పెట్టారు. కలయికలు 1,000 నుంచి 8,000 అయ్యాయి. ఒక్కొక్క రీలు మీద బార్ ఒక్కటే ఉంటే మూడు బార్లు రావడం 8,000 లాగుళ్ళకు ఒకసారి. అదే ధరకు, అదే హ్యాండిల్‌కు, గెలుపు అంత దూరం వెళ్ళిపోయింది.

పండ్ల బొమ్మలు చట్టం నుంచి తప్పించుకోవడానికి పుట్టినవి. శాన్‌ఫ్రాన్సిస్కో 1909లో, కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తం 1911లో ఈ మెషిన్లను నిషేధించాయి. అప్పుడు 'ఇది జూదం కాదు, చూయింగ్ గమ్ అమ్మే మెషిన్' అనే వాదన వచ్చింది. చెర్రీ, నారింజ, నిమ్మ, ప్లమ్ గమ్ రుచులు. మీ రీళ్ళ మీద నల్లటి దీర్ఘచతురస్రంలో ఉన్న బార్ ఆ గమ్ కంపెనీ గుర్తు నుంచి వచ్చింది. గమ్ పోయింది, పండ్లు మిగిలాయి. నిమ్మకాయకు చాలా మెషిన్ల మీద ఏ బహుమతీ లేదు.

1931లో నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1934లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా సుత్తి పట్టుకుని స్లాట్ మెషిన్లను పగలగొడుతూ పత్రికలకు ఫోటోలిచ్చాడు, వాటి ముక్కలను నీళ్ళలో పారబోశారు. మీ మెషిన్ అప్పటికి కొత్తది. 1940ల చివర నెవాడాలో కొందరు ఆటగాళ్ళు క్లాక్ నడక ఎంత కచ్చితంగా ఉందో గమనించారు. సరైన లయలో హ్యాండిల్ లాగి కావలసిన బొమ్మలు తెప్పించుకోవడం నేర్చారు. కంపెనీ పనితనమే మెషిన్ల యజమానుల ఆదాయానికి గండి కొట్టింది. క్లాక్ వేగాన్ని కావాలని మార్చే వేరియేటర్ అనే భాగాన్ని బిగించి దాన్ని ఆపారు. మీ క్లాక్ మీద తర్వాత చేర్చినట్టు కనబడే ముక్క ఏదైనా ఉంటే తీసేయకుండా ఫోటో తీసి పంపండి.

1951 నాటి జాన్సన్ చట్టం జూదపు మెషిన్లను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి రవాణా చేయడాన్ని కట్టడి చేసింది. 1960ల మొదట్లో బల్లీ కంపెనీ 'మనీ హనీ' అనే మెషిన్‌లో కరెంటుతో నడిచే చెల్లింపును తెచ్చాక, పూర్తిగా ఇనుముతో లెక్కలు కట్టే యంత్రాల కాలం ముగిసింది.

దీపావళి, హైదరాబాదు

కాలిఫోర్నియాలో 25 ఏళ్ళు దాటిన మెషిన్‌ను పాత వస్తువుగా ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ దానితో జూదం ఆడకూడదు. కాబట్టి అతిథులు సొంత డబ్బు వేయకూడదు. ఒక గిన్నెలో మీ నాణేలు పెట్టండి, అవే వేస్తారు, రాలినవి అదే గిన్నెలోకి వెళ్తాయి. పిల్లలు హ్యాండిల్ లాగేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, అది తిరిగి వచ్చేటప్పుడు బలంగా వస్తుంది. మీరు వేరే రాష్ట్రానికి మారితే ముందు అక్కడి చట్టం చూసుకోండి. కొన్ని రాష్ట్రాలు మెషిన్ వయసుతో సంబంధం లేకుండా ఇంట్లో ఉంచుకోవడాన్నే ఒప్పుకోవు.

హైదరాబాదుకు తీసుకువెళ్ళవద్దనే నా సలహా. 1974 నాటి గేమింగ్ చట్టం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అమల్లో ఉంది, ఇటీవలి సవరణలు దాన్ని ఇంకా కఠినం చేశాయి. ఇది అలంకారానికి పెట్టుకున్న పాత వస్తువేనని కస్టమ్స్ దగ్గర, పోలీసుల దగ్గర మీరు రుజువు చేసుకోవలసి వస్తుంది. తప్పనిసరి అయితే న్యాయవాదిని అడగకుండా ఓడకు ఎక్కించకండి.

ఇక మీరు చేయవలసింది: ముందు ఎస్కలేటర్‌లో ఇరుక్కున్న నాణెం ఉందేమో చూడండి, తర్వాత క్లాక్ శుభ్రం చేయండి. రెండూ అయ్యాక కూడా రీళ్ళు ఆగకపోయినా, ఆగే వరుస తప్పినా, పళ్ళ చక్రాల ఫోటో ఒకటి, క్లాక్‌ను రెండు వైపుల నుంచి తీసిన ఫోటోలు ఇక్కడే పెట్టండి. ఆపే మీటల కొనలు స్పష్టంగా కనబడాలి. అవి అరిగాయా, లేక స్ప్రింగు బలహీనపడిందా అన్నది ఫోటోలోనే తెలిసిపోతుంది.